వాడపల్లి యాత్ర – కర్షకు డెవ్వరు?

విశ్వావసు నామ సంవత్సర కార్తికమాసమున, అనగా 2025 నవంబరునెలలో, మేము నల్లగొండనుండి వాడపల్లికి సంగమస్నానమునకై పోయితిమి. మూసీనది కృష్ణలో గలియు పుణ్యస్థల మది. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారికి సెలవు దొరకుటయే గగనము. దొరకిన రెండు దినములలో ఒక దినము స్నానమునకును, ఒక దినము మిర్యాలగూడ చేరువనున్న మా పుట్టినింటికిని వినియోగింపవలెనని నేను ముందే ఏర్పాటు చేసికొంటిని. పుణ్యముకొఱకు పోయినదానను ఒక లెక్క వెంటబెట్టుకొని తిరిగివచ్చితిని. ఆ లెక్క నావలె పుట్టింటివారిచ్చిన మడిచెక్క కల సోదరీమణులకు పనికివచ్చునేమోయని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నల్లగొండలో బస్సెక్కగానే కండక్టరు మా ఆధారు కార్డులు చూచి నాకును, మా అమ్మాయికిని సున్న టిక్కెట్టు లిచ్చి, మావారివద్ద మాత్రము పైకము పుచ్చుకొనెను. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు గదా! మావారు నవ్వుచు, “ఇంటిలో పన్ను కట్టువాడను నేను, ఫలము మీది” అనిరి. మేమును నవ్వితిమి. బస్సులో అటు పొలములకు, ఆసుపత్రికి, సంతకు పోవు స్త్రీలు క్రిక్కిరిసి యుండిరి. ఆ బస్సు ఎవరి పేర నున్నదో కండక్టరు అడుగలేదు. ప్రయాణము చేయుచున్నది ఎవరో అంతమాత్రమే చూచెను. ఈ చిన్నసంగతి అప్పుడు నా మనస్సునకు తట్టలేదు. మరునాడు తట్టినది.

తిప్పర్తి దాటువరకు నేల ఎఱ్ఱగా, రాళ్లతో, అక్కడక్కడ ప్రత్తిచేలతో ఉండును. వేములపల్లి చేరుసరికి సాగరు ఎడమకాలువ కనబడును. అక్కడినుండి లోకమే మారినట్లు కనుచూపుమేర వరిమళ్లు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఆనాడు నీరు వచ్చినప్పుడు ఊరిస్త్రీలు కాలువకు పసుపుకుంకుమలిచ్చి హారతు లెత్తిరని మా నాయనమ్మ కథగా చెప్పెడిది. మెట్టపొలము మాగాణి యైనపుడు దాని వెల పెరిగినది. వెల పెరిగినపుడు దానిని అనుభవించువారును, దున్నువారును వేఱువేఱుగా నగుట మొదలయినది. పిల్లలు చదువుకొని పట్టణములకు పోయిరి. పొలము కౌలుకు పోయినది. మా యింటి కథయు నదియే.

మిర్యాలగూడలో ధాన్యపు మిల్లులముందు లారీలు బారులు తీరి యుండెను. రహదారికి ఒకవైపున సగముమేర వడ్లు ఆరబోసి, స్త్రీలు కాళ్లతో చాళ్లు చేయుచు తిరుగవేయుచుండిరి. అక్టోబరు చివర వచ్చిన మొంథా తుపానువానకు కోతకు వచ్చిన వరి నేలవ్రాలినది. తడిసిన గింజ మొలకెత్తకుండ కాపాడుకొనుటయే వారి యారాటము. బస్సు కిటికీలోనుండి చూచుచు, “అయ్యో పాపము!” అనుకొంటిని. నా పేరనున్న రెండెకరముల వడ్లును అట్లే ఎక్కడనో ఆరుచుండునని అప్పుడు తలపునకు రాకపోవుట ఇప్పుడు తలచుకొన్న సిగ్గగుచున్నది.

దామరచర్లయొద్ద యాదాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టములను దూరమునుండియే చూచి, మధ్యాహ్నమునకు వాడపల్లి చేరితిమి. ఇక్కడ అగస్త్యేశ్వరునకును, లక్ష్మీనరసింహస్వామికిని ఆలయములు కలవు. అగస్త్యమహర్షి హరిహరులను కావడిలో మోసికొనివచ్చి యిచ్చట నిలిపెనని స్థలపురాణము. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపములు వెలుగును. ఒకటి స్వామి యూపిరికి కదలుచుండు ననియు, రెండవది నిశ్చలముగా నుండు ననియు అర్చకులు చూపుదురు. మా అమ్మాయి కన్నార్పక చూచి, “అవునమ్మా, కదలుచున్నది!” అని కేరింతలు కొట్టెను. సంగమమున నీరు చల్లగా, నిండుగా ఉండెను. మునిగి లేచి దీపములు విడిచితిమి.

రేవులో నిలిచి చూచిన ఎదుట కనబడు నొడ్డు పల్నాడు, అనగా ఆంధ్రప్రదేశ్. నడుమ వంతెన. ఆ వంతెన దాటిన పొందుగల. ఆ యొడ్డునుండి స్నానమునకు వచ్చిన యొక నడివయసు స్త్రీ మాప్రక్కనే తడిచీర పిండుకొనుచుండెను. మాటలలో ఆమెయు వ్యవసాయకుటుంబమే యని తెలిసి, “మీ దేశమున కౌలుదారులకు కార్డులిత్తురట గదా!” అని యడిగితిని.

“కార్డు ఉందమ్మా, కానీ ఆసామి సంతకం పెట్టాలిగా! నిరుడు పెట్టాడు, ఈ యేడు పెట్టలా. సంతకం పెడితే పొలం పోద్దని ఆయన భయం” అని ఆమె చెప్పెను.

ఆమె చెప్పినది నిజమే. ఆంధ్రప్రదేశములో 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము ననుసరించి, భూమి యజమాని యంగీకారముతో, కౌలుదారునకు పదునొకండు నెలలు చెల్లు కార్డొకటి ఇత్తురు. అదే సంవత్సరము అక్టోబరు 15న మొదలైన రైతుభరోసా పథకములో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకును ఏడాదికి 13,500 రూపాయలు నిర్ణయించిరి. 2024లో ప్రభుత్వము మారినది. 2025 ఆగస్టు 2నుండి, కేంద్రమువారి 6 వేలతో కలిపి 20 వేలిచ్చు అన్నదాత సుఖీభవ మొదలైనది. పథకముల పేర్లు మారినను, కౌలుదారు తాను కౌలుదారునని చూపుటకు ఆ కార్డే యాధారము. కార్డునకు సంతకము ఆధారము. సంతకము యజమాని దయ.

“మా యొడ్డున ఆ కార్డును లేదు” అని నేనంటిని. ఆమె ఆశ్చర్యముతో, “మరి మీ కాడ కౌలోళ్లకి డబ్బులు ఎట్టా పడతయ్యి?” అని యడిగెను. నాకు సమాధానము తెలియును. డబ్బులు నాకు పడును! ఆ మాట నోట రాలేదు. తడిబట్టలు మూటగట్టుకొని వచ్చివేసితిని.

మరునాడు మా ఊరు చేరితిమి. ఊరు మిర్యాలగూడకు నాలుగు కోసుల దూరము. నా వివాహమున మా నాయనగారు పసుపుకుంకుమక్రింద రెండెకరముల మాగాణి యిచ్చిరి. ఆస్తిలో కూతులకును కొడుకులతో సమానహక్కు 1986 నాటి సవరణచట్టముచే ఆంధ్రప్రదేశమునందును, 2005లో దేశమంతటను కలిగినను, చాల యిండ్లలో అది కాగితముమీదనే యుండును. మా నాయనగారు అట్లు చేయలేదు. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు స్వయముగా తిరిగి నా పేర పాసుపుస్తకము చేయించిరి. దేశములో 2015-16 వ్యవసాయగణనము ననుసరించి కమతములలో స్త్రీల పేరనున్నవి నూటికి సుమారు 14 మాత్రమే. అందులో నేనొకతెనని గర్వపడుదానను.

2018 మే 10న హుజూరాబాదువద్ద రైతుబంధు ప్రారంభమైనది. పట్టాదారులకు పంటకు ఎకరమొక్కింటికి 4 వేల రూపాయలు. మొదటిసారి చెక్కులు, తరువాత నేరుగా బ్యాంకి ఖాతాలకే. 2019 వానాకాలమునుండి 5 వేలయినది. 2025 జనవరి 26న రైతుభరోసా యను పేర 6 వేలయినది. కేంద్రప్రభుత్వము 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు మాత్రము నాకు రాలేదు. ఇంటిలో ప్రభుత్వోద్యోగి యున్న కుటుంబమునకు అది వర్తింపదు. రాష్ట్రమువారి రైతుబంధునకు ఆ నియమము లేకుండెను. ఎకరముల పరిమితియు లేకుండెను. రెండెకరముల నాకు ఏడాదికి 20 వేలు వచ్చినపుడు, ఇరువదియెకరముల యాసామికి 2 లక్షలు వచ్చెను.

ఇందులో మంచి లేదనను. విత్తుకాలమున చేతికి రొక్కము వచ్చిన చిన్నరైతు వడ్డీవ్యాపారి గుమ్మమెక్క నక్కరలేదు. నడుమ దళారి లేడు. దేశములో నూటికి 86 కమతములు అయిదెకరములలోపువియే; వాని క్రింద నున్న భూమి మాత్రము నూటికి 47. తన పొలము తానే దున్నుకొను నట్టి చిన్నరైతులకు ఈ సొమ్ము నిజముగా అన్నము పెట్టినది. నా సంగతి వేఱు. సెల్‌ఫోనులో “జమ అయినది” అని వార్త వచ్చినపుడెల్ల నేను అమ్మాయి ఫీజో, పండుగచీరలో, కమ్మలో తలచుకొనెడిదానను. నాగలి తలచుకొనలేదు.

నా పొలము చేయుచున్నది మా వాడకట్టులోని పెద్దమ్మ. రక్తసంబంధము లేదు, చిన్ననాట నన్నెత్తుకొని తిప్పినది గనుక పెద్దమ్మ యనుట అలవాటు. ఆమె పెనిమిటి 2021లో రాత్రివేళ మడికి నీరు కట్టుటకు పోయి పాముకాటున చనిపోయెను. ఇద్దరు కొడుకులలో ఒకడు హైదరాబాదులో మేస్త్రీపని, ఒకడు తల్లితో సేద్యము. మేము పోవునప్పటికి ఆమె కల్లములో పట్టాలమీద వడ్లు త్రిప్పుచుండెను. నన్ను చూడగానే పరుగునవచ్చి, “బిడ్డా, ఎప్పుడొచ్చినవ్? బక్కగైనవ్” అని బుగ్గలు నిమిరెను. చేతులు ఎండిన గడ్డివలె గరగరలాడెను.

అరుగుమీద కూర్చుండి మెల్లగా లెక్క అడిగితిని. ఆమె మొదట చెప్పలేదు. “ఏముంది బిడ్డా, పండితే తింటం, ఎండితే పంటం” అని నవ్వెను. నేను పట్టుబట్టగా కొడుకును పిలిచెను. అతడు చిట్టాపుస్తకము తెచ్చెను. రెండెకరములకు దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోతయంత్రము కలిపి 58 వేలు. నాకు కౌలు ఎకరమునకు పంటకు 10 వేల వంతున 20 వేలు. పాసుపుస్తకము లేనందున బ్యాంకి అప్పు పుట్టక బయట తెచ్చిన 40 వేలకు నూటికి రెండు రూపాయల ధర్మవడ్డీ యని పేరు, అయిదునెలలకు 4 వేలు. మొత్తము ఖర్చు 82 వేలు. తుపానుదెబ్బతో పంట 36 క్వింటాళ్లు. ఏ-గ్రేడు వడ్లకు ఆ యేటి మద్దతుధర క్వింటాలు 2,389 రూపాయలు. తాలు, తేమ పేర కోత పెట్టకున్న 86,004 రూపాయలు. అనగా నలుగురు చేతులు నాలుగునెలలు పనిచేయగా మిగులునది 4,004 రూపాయలు.

అదే పంటకు అదే పొలముమీద నాకు కౌలు 20 వేలు, రైతుభరోసా 12 వేలు, వెరసి 32 వేలు. బురదలో ఒక్క అడుగైన పెట్టనిదానను నేను.

నేను చాలసేపు మాటలాడలేదు. తుదకు, “పెద్దమ్మా, ఆ సర్కారుసొమ్ము నాకు వచ్చుట నీకు తెలియునా?” అని యడిగితిని.

“తెల్వకేం బిడ్డా! ఊరందరికీ తెల్సు. భూమి నీదాయె, పైసలు నీ పేర పడ్డయి. నేనేమని అడుగుత?” అనెను.

నేను మనస్సులో మొత్తము కూడితిని. 2018-19లో రెండు పంటలకు 16 వేలు; తరువాతి అయిదేండ్లలో పది పంటలకు 1 లక్ష; 2024 వానాకాలమున ఎవ్వరికిని రాలేదు; పిమ్మట రెండు పంటలకు 24 వేలు. వెరసి 1,40,000 రూపాయలు.

ఇంతకంటె నన్ను కలతపెట్టిన సంగతి మరొకటి కలదు. 2018 ఆగస్టునుండి రైతుబీమా యని, పదునెనిమిదినుండి ఏబదితొమ్మిదేండ్లలోపు పట్టాదారు ఏ కారణముచే మరణించినను ఆ కుటుంబమునకు 5 లక్షలిచ్చు ఏర్పాటు చేసిరి. ప్రీమియము ప్రభుత్వమే కట్టును. నామినీపత్రమున నేను మావారి పేరు వ్రాసియుంటిని. పాములు తిరుగు గట్టుమీద అర్ధరాత్రి నడచినవానికి పట్టా లేదు గనుక ఆ బీమా లేదు. అతని భార్యకు ఒక్క రూపాయి రాలేదు. గట్టు ఎక్కడనుండునో సరిగా తెలియని నా ప్రాణమునకు మాత్రము 5 లక్షల పూచీ!

భూమిలేని కూలికుటుంబములకు 2025లోనే ఆత్మీయభరోసా యని ఏడాదికి 12 వేలు ప్రకటించిరి. ఉపాధిహామీలో 2023-24లో ఇరువదిదినములైన పనిచేసి యుండవలెనని దాని నియమము. పెద్దమ్మకు పదిదినములే యున్నవి. తక్కిన దినములు ఆమె నా పొలములో నుండెను. పట్టా లేదు గనుక రైతు కాదు. పొలము చేసినది గనుక కూలియు కాకపోయెను. 2023 ఎన్నికలవేళ కౌలుదారులకును ఎకరమునకు ఏడాదికి 15 వేలని వాగ్దానము వినబడెను గాని, 2025లో వచ్చిన 12 వేలు పట్టాదారుల ఖాతాలకే వచ్చెను.

మావారు పాఠము చెప్పునట్లు ఒక సంగతి చెప్పిరి. వెనుకటి పహాణీలలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు పేరును వ్రాయు గడి యుండెడిది. క్రొత్త పాసుపుస్తకములలో ఆ గడి లేదు. 2011లో కౌలుదారులకు ఋణార్హతకార్డు లిచ్చుటకై యొక చట్టము చేసిరి గాని, మా ఊరిలో అట్టి కార్డును చూచినవారు అరుదు. యజమానులు భయపడుటకును చరిత్ర కలదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీచట్టము దున్నువారిని రక్షితకౌలుదారులుగా నమోదు చేసి హక్కులిచ్చినది. నాటినుండి కౌలుకాగిత మన్న భూమి పోవునను గుబులు తరతరములుగా దిగివచ్చినది. అందుచే కౌలంతయు నోటిమాటయే. నోటిమాట సర్కారుపుస్తకములకు వినబడదు. వినబడనివానికి సొమ్ము పంపుటెట్లు? ఇది అధికారులకు నిజముగా గల చిక్కు.

నాకు మా నాయనగారు చిన్ననాట చదివించిన భారతము జ్ఞప్తికి వచ్చెను. సభాపర్వమున నారదుడు ధర్మరాజును రాజనీతి ప్రశ్న లడుగును. కష్టములోనున్న కర్షకునకు విత్తనమును, తిండియు నిచ్చుచున్నావా, కొలదివడ్డీకి ఋణమిచ్చి యనుగ్రహించుచున్నావా యని అందొక ప్రశ్న. కర్షకుడనగా దున్నువాడు. భూస్వామి యని ఆ మునీశ్వరుడు అనలేదు. అన్ని యేండ్లు ఆ పర్వము చదివినదానను, ఆ మాటకు అర్థము కల్లములో తెలిసికొంటిని.

సాయంకాలము మా అన్నతో చెప్పితిని: ఈ పంటకు వచ్చిన 12 వేలు కౌలులో తగ్గించి 8 వేలే పుచ్చుకొందును, ఇకమీదటను సర్కారుసొమ్ము ఎంత వచ్చిన అంత తగ్గింతును. అన్నకు కోపము వచ్చెను. “నీవు తగ్గించితివని తెలిసిన రేపు నా కౌలుదారులు నన్నడుగరా? పట్నములో నుండి ధర్మము చెప్పుట సులభము” అనెను. అతని మాటలోను న్యాయము లేకపోలేదు. అతనికి వేఱు జీతము లేదు. ఇద్దరు పిల్లల చదువు ఆ కౌలుమీదనే నడచుచున్నది. కౌలుపైకముతోనే కాలము గడుపు వితంతువులు మా ఊరిలోనే నలుగురైదుగురున్నారు. వారిని నాతో సమానముగా తూచజాలను. జీతము వచ్చు ఇంటిదానను గనుక నా లెక్క నాదని మాత్రము చెప్పితిని.

పెద్దమ్మకు ఈ సంగతి చెప్పగా ఆమె సంతోషించెను గాని, మరియొకటి యడిగెను. “పైసలు తగ్గిస్తే మంచిదే బిడ్డా. అంతకన్న, మూడేండ్లు భూమి నాకే ఉంచుతనని ఒక్క మాట ఇయ్యి. ఏటికేడు ఎవలకిస్తరో తెల్వక పెంట కూడ తోలుతలేను.” నేను డబ్బు గూర్చియే ఆలోచించితిని. ఆమె నేలను గూర్చి యాలోచించినది. వచ్చేయేడు ఉండునో ఊడునో తెలియని మడికి ఎవరు ఎరువు తోలుదురు?

నాటిరాత్రి మావారు చక్కని అక్షరములతో కాగితము వ్రాసిరి. మూడు సంవత్సరముల కౌలు. ప్రభుత్వమునుండి నాకు వచ్చు పెట్టుబడిసాయ మంతయు కౌలులో మినహాయింపు. పంటకు నష్టము వచ్చిన ఆ నష్టపరిహారము సాగుచేసినవారిదే. నేను సంతకము చేసితిని. పెద్దమ్మ వ్రేలిముద్ర వేసెను. అన్న సాక్షిసంతకము చేయనని లోనికి పోయెను. తెల్లవారి మేము బయలుదేరునప్పుడు మాత్రము మౌనముగా సంచి మోసి బస్సువరకు వచ్చెను. సంతకము చేయలేదు.

గడచిన 1,40,000 రూపాయల మాట యేమని మీరడుగవచ్చును. అది కమ్మలయినది, ఫీజులయినది, ఖర్చయినది. ఒకేసారి తిరిగి యియ్యజాలను. పెద్దమ్మ మనుమరాలు ఈ యేడు పదవతరగతి. ఆ పిల్ల పైచదువు వ్యయము మాదని చెప్పితిమి. ఋణము దానితో తీరునని నేననుకొనుట లేదు.

తిరుగుదారిలో మరల సున్న టిక్కెట్టు చేతికి వచ్చినపుడు మావారు పరిహాసము చేయలేదు. ప్రయాణము చేయువారిని చూచి టిక్కెట్టిచ్చు పద్ధతి పొలములకు రావలెనన్న, ముందు దున్నువారి పేరు ఎక్కడనో ఒకచోట వ్రాయబడవలెను. శాసనసభలు ఆ పని యెప్పుడు చేయునో మన చేతిలో లేదు. మన పాసుపుస్తకము మన బీరువాలోనే యున్నది. పసుపుకుంకుమలుగా వచ్చిన నేల కల సోదరీమణులారా, ఈ సంక్రాంతికి పుట్టింటికి పోయినపుడు కౌలు ఎంతయని మాత్రమే గాక, ఎవరు దున్నుచున్నారు, వారికి ఎంత మిగిలినదని కూడ ఒక్కసారి యడిగి చూడుడు. చిట్టాపుస్తకము తెప్పించుకొని కూడి చూడుడు. ఆ తరువాత ఏమి చేయవలెనో మీకే తోచును.